తనకల్లు కెప్టెన్

మా కెప్టెన్ పోయిన సంగతి వాళ్ళ చెల్లెలు ఫోన్ చేసి చెప్పింది. అప్పటికి పొద్దున ఏడు కూడా కాలేదు. కదిరిలో మా వీధికి కుళాయి నీళ్ళు వచ్చే దినం అది. బిందె కింద పెట్టి ఫోన్ ఎత్తినాను.

"సార్, అక్క లేయడం లేదు సార్."

"తలనొప్పి ఎక్కువైందేమో. పడుకోనీమ్మా," అన్నాను. అట్ల అనడం నాకు అలవాటైపోయింది.

ఆ పాప మెల్లగా, "అట్ల కాదు సార్. చల్లగా ఉండాది," అన్నది.

బిందె నిండి నీళ్ళు పొర్లుతున్నాయి. ఆ శబ్దం విన్నట్టు గుర్తుంది. కుళాయి ఎవరు కట్టేసినారో గుర్తు లేదు. చొక్కా తొడుక్కున్నాను. బీరువాలో నా సర్వీసు కాగితాల ఫైలు మధ్యలో ఒక మడత కాగితం ఉంది, అది తీసి జేబులో పెట్టుకున్నాను. తనకల్లు బస్సు కోసం పోయినాను. ఆ కాగితం సంగతి తర్వాత చెబుతాను.

ఆమెకు ముప్పై ఒక్కటేండ్లు. నిద్రలో ఫిట్స్ వచ్చి పోయింది. పక్క మంచంలో ఉన్న చెల్లెలికి కూడా తెలియలేదు.

నేను వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి. ఉద్యోగం చేసిందంతా ఈ చుట్టుపక్కల మండలాల్లోనే, అందులో ఎక్కువ కాలం తనకల్లు హైస్కూల్లో. నా దగ్గర ఆడిన పిల్లల్లో పోలీసులైనోళ్ళు ఉన్నారు, గుంతకల్లులో రైల్వే ఉద్యోగాల్లో చేరినోళ్ళు ఉన్నారు, ఇప్పుడు పొట్ట పెంచుకొని నన్ను చూస్తే లోపలికి పీల్చుకునేవాళ్ళూ ఉన్నారు. పరాయి దేశంలో జీతానికి ఆటాడింది మాత్రం మా కెప్టెన్ ఒక్కతే. అదీ మన జిల్లాలో ఎవరికీ పేరు కూడా తెలియని ఆట. కెప్టెన్ అనే పేరు నేను పెట్టిందే. ఎనిమిదో తరగతిలో కబడ్డీ జట్టు అప్పజెప్పినప్పుడు అట్ల పిలిచినాను. తర్వాత మళ్ళీ పేరు పెట్టి పిలిచింది లేదు. ఇప్పుడు కూడా పిలవలేను.

వాళ్ళ నాయన దూదేకులాయన, పరుపులు కుడతాడు. ఇంటి ముందు రేకుల షెడ్డులో దూది ఏకే మిషను, ఒక మూల చారల గుడ్డ తానులు, గాలిలో ఎప్పుడూ దూది పొగ. మా కెప్టెన్ ఏడో తరగతిలో ఉన్నప్పుడు ఆయన ఒకసారి పాత పరుపు ఒకటి సైకిల్ వెనక కట్టుకొని స్కూలుకు వచ్చినాడు. నేను జగడానికి వచ్చినాడనుకున్నాను. ఎందుకంటే మా గ్రౌండు గ్రౌండు కాదు, గులకరాళ్ళ బీడు. ఆ వారంలోనే ఆయన కూతురు కబడ్డీలో పడి రెండు మోచేతులు, ఒక మోకాలు చెక్కుకొని ఇంటికి పోయింది.

ఆయన పరుపు దించి, చెమట తుడుచుకొని, "సార్, ఆడొద్దంటే మా పాప ఇనదు. పడొద్దని మీరు చెప్పినా ఇనదు. దీని మీద పడేది నేర్పించండి," అన్నాడు.

నాకు సిగ్గనిపించింది. అన్నేండ్ల సర్వీసులో నేను పిల్లలకు పరుగెత్తేది నేర్పించినాను, ఎగిరేది నేర్పించినాను. పడేది నేర్పించాలని నాకు తోచలేదు. ఆ ఏడాదంతా సాయంత్రాలు వేపచెట్టు కింద ఆ పరుపు వేసి భుజం మీద పడేది, పడి దొర్లేది, దొర్లి లేచేది చేయించినాను. పిల్లలందరూ నేర్చుకున్నారు. మా కెప్టెన్ మాత్రం అదే ఒక ఆటగా చేసుకుంది. "పడేది వస్తే భయం పోతాది సార్. భయం పోతే ఎంత ఎత్తుకైనా ఎగరొచ్చు," అనేది. పన్నెండేండ్ల పిల్ల.

ఆమె అలవాట్లు కొన్ని చెప్పాలి. జడకు రిబ్బను కట్టేది కాదు, పరుపు గుడ్డ పీలిక కట్టేది. బంతి తన వైపు వస్తుందనగా వంగి అరచేతులు మట్టికి రుద్దుకునేది. జేబులో ఎప్పుడూ పచ్చి శనక్కాయలు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఒలిచి, గింజలు ఎదుటివాళ్ళ చేతిలో పెట్టేది, తను మాత్రం చివర్లో తినేది. ఓడిపోయిన దినం ఏడ్చేది కాదు. జట్టులో ఎవరు ఏడుస్తారో చూసి వాళ్ళ పక్కన పోయి కూర్చునేది.

నేను పిల్లలకు చెప్పే మాట ఒకటుంది. "బంతిని చూడు, మనిషిని చూడొద్దు." ఎదురుగా ఎవరు వస్తున్నారు, ఎంత లావున్నారు, గుద్దుకుంటామా అని చూసేవాడికి బంతి దొరకదు. ప్రతి ఏడూ, ప్రతి తరగతికీ చెప్పినాను. చాలామంది విని వదిలేసినారు. మామూలు పిల్లలు ఎవరైనా ఆఖరి నిమిషంలో కండ్లు పక్కకు తిప్పుతారు, అది ఒంటికి పుట్టుకతో ఉన్న బుద్ధి. మా కెప్టెన్ తిప్పేది కాదు. నా మాట పూర్తిగా నమ్మింది ఆమె ఒక్కతే.

ఇంటర్లో ఉన్నప్పుడు గుంతకల్లులో ఫుట్‌బాల్ పోటీలకు తీసుకపోయినాను. ఆమె గోల్‌కీపరు. గోలు స్తంభం ముందర ఇద్దరు ముగ్గురి మీదుగా ఎగిరి బంతి పట్టుకునేది చూసి, బెంగళూరు నుంచి వచ్చిన ఒక కాలేజీ కోచ్ మేడం నన్ను పక్కకు పిలిచి, "ఈ అమ్మాయికి మా కాలేజీలో సీటు, హాస్టలు ఇప్పిస్తాం," అన్నది. నేను ఆ సాయంత్రమే తనకల్లు పోయి వాళ్ళ నాయనను అడిగినాను. వాళ్ళమ్మ తలుపు వెనక నుంచి, "ఆడపిల్లను అంత దూరం ఎట్ల సార్?" అన్నది. వాళ్ళ నాయన కూతురి ముఖం చూసి, నా ముఖం చూసి, "మీరుండారు కదా సార్," అన్నాడు.

ఆ మాట నేను మర్చిపోలేదు.

బెంగళూరులో రెండో ఏడు ఒక ఆదివారం ఫోన్ చేసింది. "సార్, ఈడ ఒక కొత్త ఆట ఉండాది, ఆస్ట్రేలియావాళ్ళ ఫుట్‌బాల్ అంట. బంతి గుండ్రంగా లేదు. కోడిగుడ్డు మాదిరి ఉండాది. నేల మీద పడితే యాడికి పోతాదో దానికే తెలీదు!" అక్కడ ఉద్యోగం చేసే ఆస్ట్రేలియా ఆయన ఒకడు వారం వారం మైదానంలో అందరినీ కూడగట్టి ఆడిస్తున్నాడంట. చేత్తో పట్టుకోవచ్చు, కాలితో తన్నొచ్చు, పిడికిలితో గుద్ది అందియ్యొచ్చు. ఎవరైనా తన్నిన బంతి నేల తాకకముందే గాలిలో పట్టుకుంటే ఆట ఆగుతుంది, ఆ బంతి మనది. దాన్ని వాళ్ళు మార్కు అంటారు. దాని కోసం ఎదుటివాళ్ళ వీపు మీద మోకాలు ఆనించి పైకి లేచినా తప్పు లేదు. "నాకోసమే కనిపెట్టినట్టుండాది సార్," అన్నది.

సెలవులకు వచ్చినప్పుడు ఆ బంతి తెచ్చింది. స్కూలు గ్రౌండులో నన్ను ముందర నిలబెట్టి, చెల్లెలి చేత బంతి పైకి విసిరించింది. నేను బంతి ఎక్కడుందో వెతుక్కునేలోపల వీపు మీద ఒక మోకాలు ఆనింది. అంతే, నేను బోర్లా పడినాను. తల ఎత్తి చూస్తే ఆమె రెండు చేతుల్లో బంతి. వాళ్ళ నాయన గోడ మీద కూర్చొని చప్పట్లు కొడుతున్నాడు. "ఏం పాపా, సార్‌నే పడేస్తివే!" అంటాడు. నా ముక్కు నిండా మట్టి. ఆ దినం నేను నవ్వినట్టు మళ్ళీ నవ్వినానో లేదో నాకు తెలీదు.

ఆ తర్వాత నడిచినవి త్వరగా చెబుతాను. అవన్నీ త్వరగానే నడిచినాయి. మన దేశం తరఫున ఆడపిల్లల జట్టు ఒకటి మెల్‌బోర్న్ పోయింది, అందులో ఆమె ఉంది. అక్కడ ఆమె ఎగరడం చూసి ఒక చిన్న ఊరి క్లబ్బువాళ్ళు ఒక ఏడాది ఆడమన్నారు. ఆ ఏడాది చూసి, ఆడవాళ్ళ పెద్ద లీగులోని క్లబ్బు ఒకటి జీతానికి తీసుకుంది. మొదటిసారి ఆమెను దేశం దాటించేటప్పుడు వాళ్ళ నాయనను అడగడానికి పోయింది కూడా నేనే. ఈసారి ఆయన నన్ను ఏమీ అడగలేదు. పాస్‌పోర్టు కాగితాల మీద ఎక్కడ సంతకం పెట్టాలో చూపించమన్నాడు.

రెండు సీజన్లు ఆడింది. వారం వారం వాళ్ళ ఆట అయిపోయినాక ఫోన్ చేసేది. వాళ్ళకు సాయంత్రమైతే మనకు మధ్యాహ్నం. "ఈడ గడ్డి మీద పడితే నొప్పే ఉండదు సార్. మన గ్రౌండు మీద పడినోళ్ళకు ఇది పరుపే," అనేది. ఆమె ఆటలు ఫోన్‌లో చూసేవాణ్ణి. ఆ జట్టులో ఆమె అందరికంటే పొట్టిది. అయినా బంతి ఆకాశంలో ఉందంటే ఎక్కడినుంచో వచ్చి, అందరి భుజాల మీదుగా ఒక్క తల పైకి లేచేది. ఒక్కోసారి బంతి ఆమె తల మీదుగా వెనక్కి పోయేది. అప్పుడు ఆమె కండ్లు బంతి మీదనే పెట్టి వెనక్కి పరుగెత్తేది. ఎదురుగా ఎవరు దూసుకొస్తున్నారో ఆమెకు కనపడదు. చూసేవాళ్ళందరికీ కనపడుతుంది. ఆట చెప్పేవాళ్ళు దాన్ని ధైర్యం అని పొగిడేవాళ్ళు. నేను ఫోన్ పట్టుకొని, మన పిల్ల అని మురిసిపోయేవాణ్ణి.

మొదటి దెబ్బ అట్లనే తగిలింది. ఎదుటి పిల్ల మోకాలు కణత మీద. లేపి తీసుకపోయినారు, కొన్ని దినాలు ఆడనియ్యలేదు. అక్కడ దానికి పద్ధతులున్నాయి, పరీక్షలున్నాయి. క్లబ్బువాళ్ళను నేను తప్పుపట్టను. రెండో దెబ్బ తగిలినప్పుడు ఆమె ఎవరికీ చెప్పలేదు. నాకు చెప్పింది.

"సార్, నిన్న ఒక అరగంట ఆడినది నాకు గుర్తు లేదు. చెబితే కూర్చోబెడతారు. ఇంకో నాలుగు ఆటలుండాయి. నాయనకు చెప్పొద్దండి."

నేను ఆ మాటకు ఏమన్నానో మీకు చెప్పాలి. "మళ్ళీ ఆట ఎప్పుడు?" అని అడిగినాను.

అదే నేను అడిగింది. వాంతులైనాయా, డాక్టరుకు చూపించినావా, వచ్చెయ్యి తల్లీ, ఇవేవీ నా నోటికి రాలేదు. శనివారం, అన్నది. సరే జాగర్త, అన్నాను. ఆ శనివారం ఆట కూడా చూసినాను. బాగా ఆడింది.

మూడోసారి పడినప్పుడు పూర్తిగా తెలివి తప్పింది. అక్కడి డాక్టర్లు ఇంక ఆడొద్దని కాగితం మీద రాసిచ్చినారు. ఇరవై ఏడేండ్లకు తిరిగి తనకల్లు వచ్చింది.

బస్టాండులో దించుకోవడానికి నేనూ వాళ్ళ నాయనా పోయినాము. మామూలుగానే ఉంది. అందరినీ పలకరించింది. ఇంటికి పోయి గంట కాలేదు, షెడ్డులో దూది మిషను ఆడించగానే రెండు చేతులతో చెవులు మూసుకొని లోపలి గదిలోకి పోయింది. పుట్టినప్పటినుంచి ఆ మోతలో పెరిగిన పిల్ల. వాళ్ళ నాయన మిషను ఆపేసినాడు. వారం లోపల దాన్ని విప్పి, బండి మీద వేసుకొని, ఊరి బయట కదిరి రోడ్డులో ఒక రేకుల కొట్టంలో పెట్టుకున్నాడు. ఎవరడిగినా, "ఆడ గాలి బాగుండాది," అనేవాడు.

కొన్నాళ్ళకు కుదుటపడినట్టే కనిపించింది. సోమందేపల్లెలో ఒక ప్రైవేటు స్కూలువాళ్ళు ఆటల టీచరుగా తీసుకున్నారు. అక్కడే హాస్టల్లో ఉండేది. ఎండలో నల్లద్దాలు పెట్టుకునేది. పిల్లల పేర్లు మర్చిపోకుండా అరచేతిలో పెన్నుతో రాసుకునేది. విజిలు తను ఊదేది కాదు, ఆ శబ్దం తలలో గుచ్చుకునేదంట, చెయ్యి ఎత్తి సైగ చేసేది. పిల్లలు ఆ సైగకే ఆగేవాళ్ళు. ఒకసారి చూడ్డానికి పోతే ఆడపిల్లలను వరసగా ఇసుక మీద పడేయిస్తూ కనపడింది. "పడేది మొదట నేర్పిస్తాండా సార్," అని నవ్వింది.

ఒక దినం పదకొండు గంటలప్పుడు ఫోన్ చేసింది. "సార్, నేను సోమందేపల్లెలో హైవే దగ్గర ఉన్నా. స్కూలు ఏ పక్కకో తెలీడం లేదు."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"ఎవరినైనా అడుగు కెప్టెన్."

"అడిగినా సార్. చెప్పినారు. పోతాండా. మల్ల ఈడికే వస్తాండా."

రెండు బస్సులు మారి నేను పోయేసరికి మూడైంది. హైవే పక్కన టీ బంకు ముందర బెంచీ మీద కూర్చొని ఉంది. పిడికిట్లో విజిలు. బంకు ఆయన నన్ను చూసి బయటికి వచ్చినాడు. "ఏమన్నా, మీ పాపనా? పొద్దున్నుంచి కదలలేదు. ఏమైనా తినమ్మా అంటే మా సార్ వస్తాడు అంటాది. మీరేనా ఆ సారు?"

"నేనే," అన్నాను.

స్కూలు అక్కడికి కనపడుతుంది. గోడ మీద పెద్ద అక్షరాలతో పేరు కూడా ఉంది. ఆమె దాని వైపే చూస్తూ కూర్చొని ఉంది.

ఆ తర్వాత ఫిట్స్ కూడా మొదలైనాయి, అనంతపురం, బెంగళూరు తిరిగినాము. బెంగళూరులో పెద్ద డాక్టరు మంచాయన. విసుక్కోకుండా చెప్పినాడు. ఫిట్స్‌కు మాత్రలు రాసినాడు. మిగిలినదానికి విశ్రాంతి తప్ప మందు లేదన్నాడు. దెబ్బల వల్లనే అయిందా అని నేను అడిగితే, "కావచ్చు, కాకపోవచ్చు. ప్రాణం ఉండగా ఎవరూ గట్టిగా చెప్పలేరు," అన్నాడు. బయటికి వచ్చి ముగ్గురమూ ఆసుపత్రి మెట్ల మీద కూర్చున్నాము. వాళ్ళ నాయన స్కానింగు ఫిల్ముల కవరు ఒళ్ళో పెట్టుకున్నాడు. మా కెప్టెన్ సంచిలోంచి శనక్కాయలు తీసి ఒలిచి మా ఇద్దరి చేతుల్లో పెట్టింది.

ఇంట్లో ఎవరికి తోచింది వాళ్ళు అనుకునేవాళ్ళు. వాళ్ళమ్మ, దేశం కాని దేశం పంపితే దిష్టి తగిలిందని, పంపింది మొగుడేనని అనేది. ఆయన ఎదురు చెప్పేవాడు కాదు. నా ముందర ఎవరూ నన్ను ఒక్కమాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

పోయినేడు ఎండాకాలం అయిపోయే ముందర ఒక మధ్యాహ్నం నేను పోయేసరికి ఇంట్లో చెల్లెలు, ఆమె ఇద్దరే ఉన్నారు. కిటికీకి దుప్పటి కట్టిన గదిలో కూర్చొని, నన్ను కూర్చోమని, ఒక మడత కాగితం నా చేతిలో పెట్టింది.

"ఆస్ట్రేలియాలో నాతో ఆడినోళ్ళు కొందరు రాసిచ్చినారు సార్. పోయినంక మెదడు తీసి పరీక్ష చేస్తారంట. బతికుండంగా కనపడదంట. అప్పుడే తెలుస్తాదంట, దెబ్బల వల్లనా కాదా అని. నాది కూడా చూడమని రాసినా. బెంగళూరులో అట్లా పరీక్ష చేసే ఆసుపత్రి ఉండాదని ఇన్నా."

"ఏం మాటలమ్మా ఇవి?"

"ఇనండి సార్. అమ్మ నాయనను అంటాది. నాయన తనను తానే అనుకుంటాడు. మీరు..." అని నా ముఖం చూసి ఆగింది. "మీరు నిద్రపోతారా సార్?"

నేను కాగితం మడత సర్దినాను.

"ఎందుకైందో తెలిస్తే ఇంట్లో ఎవరో ఒకరైనా నిద్రపోతారు. నా స్కూలు పిల్లోళ్ళకూ తెలియాల. నాయనకు నేను చెప్పలేను. మీరు చెప్పండి."

చెబుతానన్నాను. చేతిలో చెయ్యి వేసి చెప్పినాను. ఇంటికి వచ్చి కాగితం ఫైల్లో పెట్టినాను. బెంగళూరులో ఎవరిని అడగాలో కనుక్కోలేదు, వాళ్ళ నాయనకు చెప్పలేదు. అరవై దాటినవాణ్ణి నేను, ముప్పై ఏండ్ల పిల్ల తను. ఆ కాగితం అవసరం వచ్చేది నేను పోయినాకనే అనుకున్నాను. వాయిదా వేసేవాడికి ఇంతకంటే మంచి సాకు ఏం దొరుకుతుంది?

ఆ కాగితంతోనే ఆ పొద్దు తనకల్లులో బస్సు దిగినాను. సాయంత్రం అసర్ నమాజు తర్వాత మట్టి చేయాలని పెద్దలు అనుకున్నారు. వీధి చివర నిలబడి నాకు తెలిసిన డాక్టరుకు ఫోన్ చేసినాను. ఆయన బెంగళూరుకు ఎవరికో చేసి, తిరిగి నాకు చేసినాడు. "కుదరవచ్చు. కానీ గంటల్లో జరగాల. ఇంటివాళ్ళు ఒప్పుకొని సంతకం పెట్టాల. ముందే చెప్పి ఉంటే నేనే అన్నీ చూసేవాణ్ణి కదా," అన్నాడు. ముందే చెప్పి ఉంటే.

వాళ్ళ నాయన వాకిట్లో చాప మీద కూర్చొని దూది ఏరుతున్నాడు. చివరి స్నానానికి, కఫను గుడ్డ చుట్టేటప్పుడు దూది కావాలి. ఊర్లో ముస్లింల ఇండ్లల్లో ఎవరు పోయినా ఆ ఇంటి దూదే పోతుంది. ఇంకెవరినీ ముట్టుకోనియ్యకుండా, ఒక్కొక్క నలుసూ తీసేస్తూ, తెల్లటి దూది మాత్రం పక్కన పెడుతున్నాడు. నేను పక్కన కూర్చొని, "అన్నా, ఒక మాట," అన్నాను. చెప్పినాను. ఎంత మెత్తగా చెప్పాలనుకున్నానో అంత మొరటుగా వచ్చింది.

ఆయన చెయ్యి ఆగలేదు. "తల కోస్తారా సార్?" అన్నాడు.

"అవునన్నా."

చాలాసేపు దూది ఏరినాడు. తర్వాత నా వైపు తిరిగినాడు. ఆయన గొంతులో కోపం లేదు.

"సార్, మీరు బెంగళూరు అంటిరి, పంపిస్తి. సముద్రం దాటల్ల అంటిరి, పంపిస్తి. మీరు అడిగినప్పుడల్లా ఇచ్చినా సార్ పాపను. ఈ పొద్దు ఒక్కదినం నాకు ఇడిచిపెట్టండి."

జేబులో కాగితం ఉంది. "ఇది నేను అడగడం లేదన్నా, పాప అడిగింది," అని తీసి చూపించి ఉంటే ఆయన కాదనేవాడు కాదు. కూతురి చేతిరాతకు కాదనే బలం ఆయనకు ఎప్పుడూ లేదు. ఆ సంగతి నాకు బాగా తెలుసు. అందుకే చెయ్యి జేబులోకి పోలేదు. చూపిస్తే ఆయనను బలవంతం చేసినట్టు. చూపించకపోతే ఆమెకు ఇచ్చిన మాట తప్పినట్టు. ఆ రెంటి మధ్యన చాప మీద కూర్చున్నాను. కూర్చునే ఉన్నాను, పొద్దు వాలేదాక. ఖబరస్తాన్‌లో అందరితోపాటు నేనూ మూడు పిడికిళ్ళ మట్టి వేసినాను. తనకల్లు మట్టి, గులకరాళ్ళతో కలిసి పడుతుంది, శబ్దం వస్తుంది.

నలభై దినాలు దాటినాక ఒక పొద్దున వాళ్ళ నాయన కదిరి వచ్చినాడు. మా ఇంటికి ఆయన రావడం అదే మొదలు. చంకలో ఆసుపత్రి కవరు ఒకటి. కుర్చీ వేస్తే కూర్చోలేదు. వరండా గట్టు మీద కూర్చున్నాడు.

"చిన్నపాప చెప్పింది సార్. పెద్దపాప ఏదో రాసి మీకు ఇచ్చిందంట."

కాగితం తెచ్చి ఇచ్చినాను. విప్పలేదు. అక్షరాలు లోపల కనపడుతున్నాయేమోనని వెలుతురుకు పెట్టి, మడత మీదనే వేళ్ళు ఆనించి, చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు.

"ఆ పొద్దు చూపించింటే బాగుండు కదా సార్," అన్నాడు.

"చూపించలేకపోయినానన్నా."

"అవున్లే. నేనూ ఇనేవాణ్ణి కాదేమో." కొంచెంసేపు రోడ్డు చూసినాడు. "ఇనేవాణ్ణి సార్. పాప రాసిందంటే ఇనేవాణ్ణి."

లోపల మా ఇంటావిడ టీ పెడుతున్న శబ్దం వినపడుతోంది. ఆయన కవరులోంచి నల్లటి పెద్ద ఫిల్ములు తీసినాడు. బెంగళూరులో తీయించిన స్కానింగువి. ఒక్కోదాంట్లో అడ్డంగా, నిలువుగా చిన్న చిన్న బొమ్మలు, అన్నీ ఒకే తల.

"డాక్టర్లకు తీరికుండదు సార్. గబగబా చూసింటారు. మనం నిదానంగా చూద్దాము. యాడన్నా కనపడతాదేమో."

"ఇది మనకు తెలిసేది కాదన్నా."

"చూద్దాం సార్."

లేచి నిలబడి ఒక ఫిల్మును రెండు చేతులతో ఎత్తి ఎండకు పట్టినాడు. గాలికి ఫిల్ము ఊగుతోంది, బొమ్మలు కదులుతున్నాయి. నేను లేచి ఒక అంచు పట్టుకున్నాను. ఆయన ఒక చెయ్యి వదిలి, మొదటి వరసలో మొదటి బొమ్మ మీద వేలు పెట్టినాడు.

"ఇదేనా సార్?"

"కాదన్నా."

వేలు పక్క బొమ్మ మీదికి జరిగింది.

"ఇదా?"